సింథటిక్ ఆయిలా, మామూలు ఆయిలా? రైస్ మిల్లులో రెండు సీజన్లు వాడి చూసిన మాట

నేను ఇంజనీరును కాదు, ఆయిల్ కంపెనీ మనిషిని అసలే కాదు. మిర్యాలగూడ పక్కన ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో పదకొండేళ్లుగా మెయింటెనెన్స్ చూస్తున్నా, అంతే. చుట్టుపక్కల మిల్లుల నుంచి ఈ మధ్య వారానికి ఒకరైనా ఫోన్ చేసి "అన్నా, మిషన్లలో సింథటిక్ ఆయిల్ పోయమంటావా వద్దా" అని అడుగుతున్నారు. ఫోన్‌లో రెండు ముక్కల్లో చెబితే సగం అర్థమై సగం కాక, అది తీసుకెళ్లి ఎక్కడ పోయకూడదో అక్కడ పోసి మళ్లీ నాకే ఫోన్ చేస్తున్నారు. అందుకే వివరంగా రాస్తున్నా.

కథ మొదలైంది కంప్రెసర్ దగ్గర. మిల్లు సంగతి తెలియనివాళ్లకు చెప్పాలంటే, బియ్యంలో నల్లగింజలు, రాళ్లు, రంగు మారినవి ఏరేది సార్టెక్స్ మిషన్. కెమెరా చూసి పట్టుకున్న గింజను ఎజెక్టర్ గాలితో పక్కకు కొడుతుంది. ఆ గాలి ఇచ్చేది స్క్రూ కంప్రెసర్, మాది 40 హెచ్‌పీది. అది ఆగితే సార్టెక్స్ ఆగుతుంది, సార్టెక్స్ ఆగితే వెనక పాలిషర్ల దాకా అన్నీ నిండిపోయి మొత్తం లైను ఆపాలి. యాసంగి వడ్లు ముంచుకొచ్చే ఏప్రిల్, మే నెలల్లో రోజుకు ఇరవై గంటలు తిరుగుతుంది పాపం. బయట 44 డిగ్రీలు, కంప్రెసర్ రూములో ఇంకా ఎక్కువ. సరిగ్గా అలాంటి రోజుల్లోనే, మధ్యాహ్నం రెండింటికి, 110 డిగ్రీలు చూపించి టప్పున ట్రిప్ అయ్యేది. మేము నీళ్ల బకెట్లు పట్టుకుని రూము నేల తడపడం, టేబుల్ ఫ్యాన్లు పెట్టడం, గంటసేపు ఆగి మళ్లీ స్టార్ట్ చేయడం. ఒక సీజనంతా ఇదే టెన్షన్.

చివరికి మెకానిక్‌ను పిలిచి విప్పిస్తే లోపల చూడాలి. బెల్లం పాకం మాడి గిన్నెకు అంటుకున్నట్టు ఎర్రగా, జిగటగా పొర కట్టింది. వేడికి మాడిన ఆయిలే అది, వాళ్ల భాషలో వార్నిష్ అంటారు. గాలిలోంచి ఆయిల్‌ను వేరుచేసే సెపరేటర్ మూసుకుపోయింది, అదొక్కటే 14 వేలు. నేనైతే ఆయిల్ కంపెనీని తిట్టుకున్నా. కానీ తర్వాత తెలిసింది, తప్పు ఆయిల్‌ది కాదు, నాది. పుస్తకంలో 2 వేల గంటలకోసారి మార్చమని ఉంది, నేనూ 2 వేలకే మార్చాను. ఆ లెక్క డిస్చార్జ్ టెంపరేచర్, అంటే కంప్రెసర్ నుంచి బయటికొచ్చే గాలి వేడి, 85 దగ్గర ఉన్నప్పటిది. మా దగ్గర మీటరు 100 కింద ఎప్పుడుంది గనుక? ఆయిల్ విషయంలో ఒక మోటు లెక్క ఉంది, పది డిగ్రీల వేడి పెరిగితే ఆయిల్ ఆయుష్షు సగానికి పడిపోతుంది. 85లో 2 వేల గంటలు బతికేది 95లో వెయ్యి గంటలు, 100 దాటితే 700 గంటలు. అంటే ఆయిల్ చచ్చిపోయాక కూడా దాన్ని 1,300 గంటలు తిప్పాను నేను.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. సింథటిక్ కొనకముందే మేము ఇంకో పని చేశాం, సగం ఫలితం దానిదే. కూలర్ రెక్కల నిండా తౌడు దుమ్ము పేరుకుని ఉంటే గాలి కొట్టి శుభ్రం చేశాం, కంప్రెసర్ వదిలే వేడి గాలి మళ్లీ అదే రూములో తిరగకుండా పైకప్పు దాకా రేకు డక్ట్ పెట్టించాం. డక్ట్‌కు 9 వేలు అయ్యింది. 100 దాటే టెంపరేచర్ 88, 90కి వచ్చింది. పాత ఆయిల్‌తోనే! కాబట్టి ఎవరైనా ట్రిప్ అవుతోందని సింథటిక్ కొనబోతుంటే ముందు కూలర్ చూసుకోండి. ఖరీదైన ఆయిల్ పోసినంత మాత్రాన మూసుకుపోయిన కూలర్ తెరుచుకోదు.

తర్వాత ఆయిల్ మార్చాం. తీసుకున్నది మొబిల్ రారస్ ఎస్‌హెచ్‌సీ 1025, ఇది పీఏఓ అనే అసలు సింథటిక్ బేస్‌తో చేసిన స్క్రూ కంప్రెసర్ ఆయిల్, చిక్కదనం గ్రేడ్ వీజీ 46. మాకు లీటరు 860 పడింది, అంతకుముందు వాడిన మినరల్ ఆయిల్, అంటే ముడి చమురు నుంచి తీసే మామూలు ఆయిల్, 290. మా కంప్రెసర్‌కు 18 లీటర్లు పడుతుంది. బిల్లు చూసి మా ఓనరు "ఏందయ్యా ఇది, ఆయిలా నెయ్యా?" అన్నాడు. నెయ్యి కంటే మాత్రం చవకే సార్ అన్నాను కానీ ఆయన నవ్వలేదు. కాగితం మీద లెక్క వేసి చూపించాల్సి వచ్చింది.

లెక్క ఇదీ. మామూలు టెంపరేచర్‌లో మినరల్ 2 వేల గంటలు, మంచి సింథటిక్ 8 వేల గంటలు వస్తాయని చెబుతారు. వేడి పెరిగితే రెండూ తగ్గుతాయి, కానీ వాటి మధ్య నాలుగింతల తేడా ఇంచుమించు అలాగే ఉంటుంది. ధరలో తేడా మూడింతలు. సింథటిక్ ఒక్కసారి పోస్తే 15,480. అదే కాలానికి మినరల్ నాలుగుసార్లు, 20,880. మా 90 డిగ్రీల దగ్గర సింథటిక్ దాదాపు 6 వేల గంటలు రావాలి, మినరల్ 1,500. డబ్బు తేడా ఐదు వేలే కదా అనిపిస్తుంది. నిజమే, పెద్ద మొత్తమేం కాదు. కానీ మూడుసార్లు మిషన్ ఆపే పని తప్పుతుంది. సీజన్‌లో రెండు గంటలు లైను ఆగితే, బయట లారీల వరుస పెరిగి, హమాలీలు ఖాళీగా కూర్చుంటే, ఆ నష్టం ముందు ఈ ఐదు వేలు ఒక లెక్కా?

అయితే ఈ లెక్క గంటలు బాగా నడిచే మిషన్‌కే. మా బంధువు ఒకాయనకు చిన్న పిండి, కారం మిల్లు ఉంది, ఆయన కంప్రెసర్ ఏడాదికి వెయ్యి గంటలు కూడా తిరగదు. ఆయన 8 వేల గంటల ఆయిల్ పోసి ఏం చేస్తాడు, ఎనిమిదేళ్లు ఉంచుతాడా? తిరిగినా తిరగకపోయినా లోపల తేమ చేరుతుంది, ఏడాదికో రెండేళ్లకో మార్చాల్సిందే. అలాంటివాళ్లు మినరలే పోసుకుని ఏటా మార్చుకుంటే హాయి. ఇంకొకటి, ఆయిల్ ఎక్కువ కాలం వస్తుంది కదా అని ఆయిల్ ఫిల్టర్‌ను, ఎయిర్ ఫిల్టర్‌ను మర్చిపోవద్దు. వాటి గంటలు వాటివే. రైస్ మిల్లు దుమ్ములో ఎయిర్ ఫిల్టర్‌ను నేను వారానికోసారి విప్పి చూస్తా.

సింథటిక్ పోసి ఇప్పటికి 4,600 గంటలు దాటింది. 4 వేల దగ్గర శాంపిల్ తీసి టెస్టుకు పంపాను, ఆయిల్ ఎంత పాడైందో చెప్పే యాసిడ్ నంబర్ ఇంకా బాగానే ఉందని రిపోర్టు వచ్చింది. రంగు కాస్త ముదిరింది కానీ ఆ మాడిన వాసన లేదు. టాపప్ తగ్గింది, ఇంతకుముందు నెలకు ఒక లీటరు దాకా పోసేవాణ్ని, ఇప్పుడు రెండు నెలలకు ఒకసారి. వేడికి ఆవిరై గాలితో పాటు పోయేది తగ్గిందన్నమాట. కరెంటు బిల్లు మాత్రం తగ్గలేదు. అమ్మేటప్పుడు కరెంటు ఆదా అని చాలా గట్టిగా చెప్పారు. కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ పెట్టి ముందూ తర్వాతా చూశాను, కంప్రెసర్ మీద నాకు కనబడిన తేడా ఏమీ లేదు. ఎక్కడో ఒకటీ అరా శాతం ఉంటే ఉండొచ్చు, మా మీటర్‌కు దొరకలేదు.

ఇప్పుడు డబ్బా మీద రాతల సంగతి. సింథటిక్ అని రాసి ఉన్నదల్లా ఒకటి కాదు. డబ్బాలో ఉండే అసలు సరుకును బేస్ ఆయిల్ అంటారు, వాటిని ఐదు గ్రూపులు చేశారు. ఒకటి, రెండు మామూలు మినరల్. మూడోది కూడా ముడి చమురు నుంచి వచ్చిందే, కాకపోతే హైడ్రోజన్‌తో బాగా శుద్ధి చేసింది. నాలుగోది పీఏఓ, చిన్న అణువుల నుంచి ఫ్యాక్టరీలో కట్టుకుంటూ వచ్చింది. మిగతావన్నీ, అంటే పీఏజీ, ఎస్టర్లు లాంటివి ఐదో గ్రూపు. మూడో గ్రూపును సింథటిక్ అనొచ్చా అని అమెరికాలో మొబిల్, క్యాస్ట్రాల్ మధ్య పెద్ద పేచీ నడిచి, 1999లో అక్కడి ప్రకటనల పంచాయతీ అనొచ్చని తేల్చింది. అప్పటి నుంచి ఆ మాట బాగా సాగింది. మూడో గ్రూపు చెడ్డదని కాదు, చాలా పనులకు బ్రహ్మాండంగా సరిపోతుంది. కానీ పీఏఓ ధర పెట్టి మూడో గ్రూపు ఎందుకు కొనాలి? అందుకే కొనేముందు ఆ ఆయిల్ డేటా షీట్ ఫోన్‌లో తెరిచి బేస్ ఏ రకమో, విస్కాసిటీ ఇండెక్స్ ఎంతో చూడండి. మామూలు మినరల్‌కు 100 అటూఇటూ ఉంటుంది, మూడో గ్రూపుకు 120 పైన, పీఏఓకు 130, 140 దాకా, పీఏజీకి 200 దాటుతుంది. వేడెక్కినా ఆయిల్ ఎంత తక్కువ పలచబడుతుందో చెప్పే నంబర్ అది. మైనస్ 40లో కూడా పారుతుందని పెద్ద అక్షరాలతో వేస్తారు చూడండి, ఆ గొప్ప కశ్మీర్‌లో పనికొస్తుందేమో, మిర్యాలగూడలో మనకెందుకది?

గేర్‌బాక్సుల దగ్గరకు వద్దాం, నేను డబ్బులు పోగొట్టుకున్నది ఇక్కడే.

మా బాయిలర్ ఊకతో నడుస్తుంది. కింద బూడిద లాగే స్క్రూ కన్వేయర్‌కు ఒక వార్మ్ గేర్‌బాక్స్ ఉంది. వార్మ్ అంటేనే రాపిడి ఎక్కువ, పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరుగుతాయి, పైగా పక్కనే బాయిలర్ సెగ. మినరల్ 460 గ్రేడ్ పోసినప్పుడు లేజర్ గన్‌తో బాడీ మీద 95, 97 చూపించేది, చెయ్యి పెడితే బొబ్బే. ఆరు నెలలకు తీస్తే నల్లగా తారులా వచ్చేది. అందులో షెల్ ఒమాలా ఎస్4 డబ్ల్యూఈ 460 పోశాం. ఇది పీఏజీ, వార్మ్ గేర్లకు పెట్టింది పేరు. టెంపరేచర్ 84కి దిగింది, మోటార్ కరెంటు కూడా 5.2 నుంచి 4.9 ఆంపియర్లకు వచ్చింది. సింథటిక్ వల్ల ఆదా అంటే ఏంటో నేను కళ్లారా చూసింది ఈ చిన్న గేర్‌బాక్స్ మీదే. రాపిడి ఎక్కువున్న చోట ఆయిల్ తేడా కనిపిస్తుంది.

కానీ అది రెండోసారి పోసినప్పుడు. మొదటిసారి జరిగింది వేరే. ఆయిల్ అమ్మిన షాపతన్ని (పేరు ఎందుకులే, మనిషి మంచివాడే) "పాత ఆయిల్ పూర్తిగా కడగాలా" అని అడిగితే "ఏం కాదన్నా, అన్నీ కలుస్తాయి, ఉన్నది దించి ఇది పోసెయ్" అన్నాడు. నేనూ నమ్మాను, దించినా అడుగున పావు వంతు పాత మినరల్ ఉండిపోయింది. పది రోజులకు బ్రీదర్ (గేర్‌బాక్స్‌కు గాలి ఆడే రంధ్రం) నుంచి నురగ. విప్పితే లోపల పెరుగు విరిగినట్టు తరకలు తరకలుగా ఉంది. పీఏజీ, మినరల్ కలవవు, నూనె నీళ్లు ఎలాగో అవీ అలాగే. నాలుగు లీటర్ల ఆయిల్, ఒక ఆయిల్ సీల్, ఒక రాత్రి నిద్ర పోయాయి. పీఏఓ అయితే మినరల్‌తో కలుస్తుంది, కాస్త మిగిలినా కొంప మునగదు. పీఏజీకి మాత్రం మొత్తం దించి, కొత్త పీఏజీయే కొంచెం పోసి కాసేపు తిప్పి, దాన్నీ పారబోసి, అప్పుడు అసలుది పోయాలి. ఇంకో తలనొప్పి, గేర్‌బాక్స్ లోపల మామూలు పెయింట్ ఉంటే పీఏజీ దాన్ని ఊడగొడుతుంది. ఆయిల్ లెవెల్ చూసే గ్లాసు ప్లాస్టిక్‌దైతే అది కూడా ఒకసారి కనుక్కోండి. కొన్ని కంప్రెసర్లకు కూడా ఫ్యాక్టరీ నుంచే పీఏజీ రకం పోసి ఇస్తారు, వాటిలో తెలియక మినరల్ టాపప్ చేస్తే ఇదే గతి.

వార్మ్ గేర్‌బాక్సులో చక్రం ఇత్తడి, కంచు జాతిది. ఈపీ (ఎక్స్‌ట్రీమ్ ప్రెషర్, అంటే భారీ ఒత్తిడి తట్టుకునేది) అని రాసి ఉన్న కొన్ని ఆయిల్స్‌లో గంధకం మందులు ఉంటాయి, బాగా వేడెక్కినప్పుడు అవి ఆ పసుపు లోహాన్ని తినేస్తాయి. ఈపీ అంటే ఎక్కువ బలం కదా అని ప్రతి గేర్‌బాక్సులో అదే పోసేవాళ్లను చాలామందిని చూశాను. వార్మ్‌కు అడిగి పోయండి.

ఈ గేర్‌బాక్స్ బాగుపడిన ఊపులో మా ఓనరు "అయితే అన్నింట్లో ఇదే పోసెయ్" అన్నాడు. మొదట నెయ్యి అన్నది ఈయనే. నేనూ ఊ కొట్టాను, అదే తప్పు. వడ్లు నానబెట్టి ఆవిరి పట్టే ట్యాంకుల దగ్గర ఒక గేర్‌బాక్స్ ఉంది, రోజంతా ఆవిరిలోనే. దాంట్లో ఇదే పీఏజీ పోస్తే మూడు నెలలకే తెల్లగా మజ్జిగలా అయింది. పీఏజీ నీళ్లను పీల్చుకుంటుంది. పైగా నీళ్ల కంటే బరువు కాబట్టి మినరల్‌లోలాగా నీళ్లు అడుక్కి దిగి, డ్రెయిన్ బోల్టు వదిలితే పోతాయనుకోవడానికి లేదు. వెయ్యి రూపాయల పైచిలుకు లీటరు ఆయిల్, మొత్తం బూడిదలో పోసిన పన్నీరే. ఇప్పుడు అక్కడ సర్వోమెష్ ఎస్‌పీ 320 పోస్తున్నా. మామూలు మినరల్, రెండు నెలలకోసారి అడుగు నీళ్లు వదులుతా, ఆర్నెల్లకోసారి మొత్తం మారుస్తా. ఏ బాధా లేదు.

బకెట్ ఎలివేటర్ల పైన ఉండే పాత గేర్‌బాక్సులదీ అదే సంగతి. సీల్స్ అరిగి చుక్క చుక్క కారుతుంటాయి, బ్రీదర్లలోంచి ఊక దుమ్ము లోపలికి పోతుంది. ఒకదాంట్లో పీఏఓ పోస్తే కారడం ఇంకా పెరిగింది. పాత మినరల్ కట్టిన మడ్డి సీల్‌కు అడ్డుపడి ఉంటే కొత్త ఆయిల్ దాన్ని కడిగేసినట్టుంది. దుమ్ముతో చచ్చే ఆయిల్‌కు నూరేళ్ల ఆయుష్షు కొనిస్తే ఏం లాభం? అక్కడ నేను చూసుకునేది ఒకటే, ఆయిల్‌ను చంపుతున్నది వేడా, మురికా అని. వేడైతే సింథటిక్‌కు డబ్బులు పెడతా. దుమ్ము, నీళ్లు, లీకు అయితే చవక మినరల్ తరచుగా మారుస్తా, ఆ డబ్బులు సీల్స్‌కు పెడతా. జనరేటర్‌కు మామూలు 15డబ్ల్యూ-40 ఇంజన్ ఆయిలే. ఏడాదికి నూట యాభై గంటలు తిరిగేదానికి ఇంకేం కావాలి.

కారడం అంటే గుర్తొచ్చింది, మనది తిండి గింజల పని. ఎలివేటర్ పైనుంచి కారిన చుక్క ఎక్కడ పడుతుందో ఆలోచించండి. కంప్రెసర్ గాలి నేరుగా బియ్యం గింజ మీదే కొడుతుంది. పొరపాటున ఆహారానికి కాస్త తగిలినా ఫర్వాలేదని హెచ్1 రిజిస్ట్రేషన్ ఉన్న ఆయిల్స్ వేరే ఉన్నాయి, ధర ఇంకా ఎక్కువ. సింథటిక్ అయినంత మాత్రాన ఫుడ్ గ్రేడ్ కాదు, ఈ రెంటినీ చాలామంది కలిపేస్తున్నారు. ఎక్స్‌పోర్ట్ చేసే మిల్లులు ముందు వాటి వైపు చూడాలి. మా దగ్గర ప్రస్తుతానికి గాలి లైనులో ఆయిల్ పట్టే ఫైన్ ఫిల్టర్ పెట్టాం, ఎలివేటర్ల కింద రేకు ట్రేలు కట్టాం. ఇది సరిపోదని నాకూ తెలుసు.

కొనేటప్పుడు డిస్ట్రిబ్యూటర్ దగ్గరే, జీఎస్టీ బిల్లుతోనే కొనండి. లూజు ఆయిల్, సీలు విప్పిన బకెట్ వద్దు. డూప్లికేట్ల బెడద ఖరీదైన బ్రాండ్లకే ఎక్కువ. ఖాళీ బకెట్‌ను ఎవరికైనా ఇచ్చేముందు మూత కోసేస్తా నేను, మళ్లీ నింపి అమ్మకుండా. కంప్రెసర్ వారంటీలో ఉంటే మాత్రం వాళ్లు చెప్పిన ఆయిలే పోయండి, ఎంత ధరైనా సరే. తర్వాత గొడవ పడలేరు. పాత ఆయిల్‌ను ఇంతకుముందు సెంట్రింగ్ పలకలకు పూయడానికి అడిగినవాళ్లకల్లా ఇచ్చేవాళ్లం. కేంద్రం 2016లో తెచ్చిన వ్యర్థాల రూల్స్ ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం, అనుమతి ఉన్న రీసైక్లర్లకే ఇవ్వాలి. ఇప్పుడు ఒక బ్యారెల్ పెట్టి నింపుతున్నాం. సింథటిక్ వచ్చాక అది నిండటానికి చాలా ఆలస్యమవుతోంది, అదీ ఒక లాభమే.

మార్కులు వేయమంటే, కంప్రెసర్‌లో ఆ రారస్‌కు ఐదుకు నాలుగున్నర, ఆ అర మార్కు కోత కరెంటు ఆదా అని చెప్పి చూపించలేకపోయినందుకు. బూడిద కన్వేయర్‌లో ఒమాలాకు ఐదుకు ఐదు, ఆవిరి ట్యాంకు దగ్గర దానికే సున్నా, అది నా తెలివికి పడిన సున్నా. సర్వోమెష్‌కు దాని ధరలో నాలుగు. ఎలివేటర్ సీల్స్ మార్చే పని ఇంకా మిగిలే ఉంది, వానాకాలం వడ్లు అయిపోయాక చేద్దామంటున్నాడు ఓనరు, పోయిన ఏడాది కూడా ఇదే మాట అన్నాడు.